ఇంటర్నెట్ దెయ్యం కథకు ఊ కొట్టే పద్ధతి

రెడ్డిట్ అనే చర్చల వెబ్‌సైట్‌లో దెయ్యం కథలకు నోస్లీప్ అనే విభాగం ఉంది. 2010 నుంచి నడుస్తోంది. అక్కడ వచ్చేలాంటి కథ ఒకటి ఊహించండి. ఒకాయన కొత్తగా అద్దెకు దిగిన ఇంట్లో వెనక గదికి ప్రతి తెల్లవారుజామునా లోపలి నుంచి గడియ పడుతోంది. తలుపు విరగ్గొట్టి చూస్తే లోపల ఎవరూ లేరు. ఏం చేయమంటారని అడిగాడు. కింద పదుల కొద్దీ జవాబులు వచ్చాయి. ముందు ఆ ఇంట్లో ఎవరున్నారో యజమానిని అడగమని ఒకరు, ఈ రాత్రికి మాత్రం అక్కడ పడుకోవద్దని ఇంకొకరు. ఇంతలో కొత్తగా వచ్చిన పాఠకుడు ఒకడు "కథ బాగుంది, ముగింపు మాత్రం ముందే ఊహించాను" అని రాశాడు. కాసేపటికి ఆ వ్యాఖ్యను తీసేశారు.

అతను ఎవరినీ తిట్టలేదు, పైగా మెచ్చుకున్నాడు. అయినా అది అక్కడ తప్పే. ఇక్కడ ప్రతిదీ నిజమే, నిజం కాకపోయినా సరే అన్నది నోస్లీప్ మూలసూత్రం. రాసేవాడు తనకు జరిగినట్టుగానే రాయాలి, చదివేవాడు జరిగిందనుకునే స్పందించాలి. కథను కథ అనడం, అబద్ధమని నిరూపించబోవడం, చివరికి సద్విమర్శ చేయడం కూడా ఆ గడప లోపల కుదరదు. అవన్నీ మాట్లాడుకోవడానికి వేరే విభాగం పెట్టారు.

బయటివారికి ఇది వింతగా కనిపిస్తుంది కానీ మనకు అంత వింత కాకూడదు. మన ఇళ్లలో కథ చెప్పే అమ్మమ్మ ముందే ఊ కొట్టమని షరతు పెడుతుంది. ఊ ఆగితే కథ ఆగుతుంది. ఊ కొట్టే పిల్లవాడు రాజకుమారుడు ఏడు సముద్రాలు దాటాడని నమ్మి కొట్టడు, కథ నడవాలని కొడతాడు. నోస్లీప్ పాఠకుడి సలహా కూడా అలాంటి ఊ కొట్టడమే. పాఠకులు అమాయకంగా నమ్మేస్తున్నారని వెక్కిరించేవాళ్లకు అర్థం కానిది ఇదే. నమ్మకం వేరు, నమ్మినట్టు ఉండటానికి ఒప్పుకోవడం వేరు. కలిసి అల్లే దెయ్యం కథల మర్యాద అంతా ఈ ఒప్పందాన్ని కాపాడటానికి పుట్టిందే. ఆ ఒప్పందాన్ని ఎక్కడ పాటించాలి, ఎక్కడ నిస్సంకోచంగా పక్కన పెట్టాలి అన్నది తేల్చుకుంటే మిగిలిన నియమాలు చాలావరకు వాటంతటవే అర్థమవుతాయి.

హాస్యకథను మధ్యలో ఎవరైనా ఆపినా మళ్లీ అందుకోవచ్చు. ప్రేమకథకూ పెద్దగా నష్టం లేదు. భయం అలా కాదు. ఒక్కరు పకపకా నవ్వితే గదిలో అందరికీ దిగిపోతుంది. అందుకే జపాన్‌లో ఎడో యుగంలో (1603-1868) నూరు కథల గోష్ఠులు జరుపుకున్నవారు కూడా కట్టుబాట్లు పెట్టుకున్నారు. నూరు వత్తుల దీపం వెలిగించి, ఒక్కో దెయ్యం కథ ముగిసినప్పుడు ఒక్కో వత్తి ఆర్పుతూ పోవాలి. నూరోది ఆరితే నిజంగానే ఏదో వస్తుందని భయం కాబట్టి తొంభై తొమ్మిదో కథ దగ్గర ఆపేసేవారు కూడా ఉండేవారట. భయపడటానికి కూర్చున్నవాళ్లే ఎక్కడ ఆగాలో కూడా ముందే అనుకున్నారన్నమాట. ఇంటర్నెట్‌కు వచ్చాక మొదటి సగం బాగానే గుర్తుంది, రెండో సగం తరచూ మరచిపోతున్నాం.

ఒప్పందం రెండు వైపులా పనిచేస్తుంది. పాఠకుడు నమ్మినట్టు ఉండాలంటే రచయిత నమ్మదగ్గట్టు రాయాలి. కథ చెబుతున్నవాడు చివరి వాక్యంలో చచ్చిపోతే దాన్ని టైపు చేసింది ఎవరు? నిన్న రాత్రి లోకమంతా అంతమైపోయిందని రాస్తే, కిటికీలోంచి బయటికి చూసే పాఠకుడు ఏమనుకోవాలి? ఇలాంటివి సాహిత్య నియమాల్లా కనిపిస్తాయి గానీ నిజానికి మర్యాదకు సంబంధించినవి. ఎదుటివాడు పెట్టే శ్రమకు తగినంత శ్రమ నువ్వూ పెట్టాలి. ఒకే రచయిత ఇరవై నాలుగు గంటల్లో ఒక్క కథకు మించి పెట్టకూడదన్న నియమం కూడా అలాంటిదే. చోటు అందరిదీ.

ఊ కొట్టడంలోనూ రకాలున్నాయి. కథకుడికి పని కల్పించే ప్రశ్న అన్నిటికన్నా మంచిది. "గడియ పడే ముందు ఏమైనా చప్పుడు వినిపిస్తుందా?" అని అడిగితే తరువాతి భాగానికి దారి దొరుకుతుంది. అన్నిటికన్నా చెడ్డది కథను లాక్కోవడం. "ఆ గదిలో ఉన్నది నేనే, ఈ రాత్రికి వస్తున్నా" అని రాసేవాళ్లు ప్రతి కథ కిందా ఎక్కడో ఒకచోట తేలతారు. తాము కథలో లీనమైపోయామని వారి ఉద్దేశం. జరిగేది మాత్రం వేరు. రచయిత పదిహేను పేరాల్లో కూడబెట్టిన భయాన్ని ఒక్క వాక్యంలో ఖర్చు పెట్టేస్తారు. పాత్రలో ఉన్నంత మాత్రాన మర్యాద పాటించినట్టు కాదు.

ఇద్దరు ముగ్గురు కలిసి పాత్రలు పంచుకుని వరుసగా రాసే రోల్‌ప్లేలో ఈ చిక్కు ఇంకా ముదురుతుంది. అక్కడ రెండు తప్పులకు ప్రత్యేకంగా పేర్లున్నాయి. ఇతరుల పాత్ర ఏం చేసిందో, ఏమైపోయిందో నువ్వే నిర్ణయించి రాసేయడం గాడ్‌మోడింగ్. రచయితగా నీకు తెలిసినా నీ పాత్రకు తెలిసే వీలు లేని సంగతిని పాత్ర చేత వాడించడం మెటాగేమింగ్. దెయ్యం కథలో మొదటిది ఎక్కువ హాని చేస్తుంది. "నీ చెయ్యి తెగి కింద పడింది" అని రాసే హక్కు ఎదుటివాడికి లేదు. "కత్తి నీ చేతి మీదికి దిగుతోంది" అని రాసి ఆగాలి. తెగిందో తప్పించుకుందో ఆ చెయ్యి ఎవరిదో వాళ్లు చెబుతారు. భయపెట్టడమే పని కాబట్టి గీత దాటాలన్న ఉబలాటం ఈ తరహా కథల్లో మరీ ఎక్కువ.

ఇక వేరొకరు పుట్టించిన ప్రపంచానికి కొత్తగా ఏదైనా కలపడం సంగతి. వాదాలన్నీ ఇక్కడే.

2019 మే నెలలో 4చాన్ అనే, పేరు చెప్పకుండా ఎవరైనా రాయగల ఇంటర్నెట్ బోర్డులో ఒక ఫొటో కనిపించింది. పసుపు గోడలు, ట్యూబులైట్లు, కిటికీ లేని ఖాళీ గదులు. దానికి పేరు తెలియని ఎవరో ఒక్క పేరా జోడించారు. వీడియో గేముల్లో పాత్ర గోడలోంచి జారి అవతల పడ్డట్టు, మనం కూడా వాస్తవంలోంచి పొరపాటున జారితే ఈ అంతులేని గదుల్లో తేలతామని, తడిసిన పాత కార్పెట్ వాసన, దీపాల రొద తప్ప ఏమీ ఉండదని, దగ్గర్లో ఏదో తిరుగుతున్న చప్పుడు వినిపిస్తే అదీ మన సంగతి వినేసి ఉంటుందని దాని సారాంశం. బ్యాక్‌రూమ్స్ అలా పుట్టింది. ఆ తరువాత వందలమంది చేతులు వేశారు. గదులకు అంతస్తుల నంబర్లు వచ్చాయి, ఒక్కో అంతస్తుకు ఒక్కో రకం జీవి వచ్చింది, ఆ జీవులకూ నంబర్లు వచ్చాయి, బతికి బయటపడ్డవారి సంఘాలు వచ్చాయి, ఏ అంతస్తు నుంచి ఏ అంతస్తుకు ఎలా వెళ్లాలో పట్టికలు వచ్చాయి. ఒకటికి మించి వికీలు, అంటే చాలామంది కలిసి రాసే సైట్లు పుట్టి, ఒక్కోటి ఒక్కో లెక్క రాసుకుంది.

ఏ ఒక్కరూ చెడ్డ పని చేయలేదు. అయినా మొదటి పేరాలో ఉన్న భయం ఆ పట్టికల్లో కనపడదు. ఏమీ లేకపోవడమే ఆ గదుల్లోని భయం. ఉత్సాహవంతులంతా తలా ఒక కుర్చీ తెచ్చి వేశారు. కలపడం, వివరించడం ఒకటి కాదని నా అభిప్రాయం. గోడ అవతల ఇంకో చప్పుడు వినిపించిందని రాస్తే అది కలపడం. ఆ చప్పుడు ఫలానా జంతువుది, దానికి వెలుతురు పడదు అని రాస్తే అది వివరించడం, అంటే మొదటి రచయిత కావాలని ఖాళీగా ఉంచిన చోటును ఆక్రమించడం. అన్నట్టు ఆ ఫొటో ఆచూకీ 2024లో దొరికింది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం ఆష్‌కాష్ పట్టణంలో మరమ్మతుల సమయంలో తీసిన ఒక దుకాణం లోపలి ఫొటో అది. వెతికి పట్టుకున్న ఓపికకు మెచ్చుకోవాలి, తెలియకుండా ఉంటే బాగుండునని కొందరు నిట్టూర్చడమూ న్యాయమే.

ఇదే సమస్యను ఎస్‌సీపీ ఫౌండేషన్ అనే ఉమ్మడి కథల సైట్ వేరే దారిలో పరిష్కరించుకుంది. దీని మొదలు కూడా 4చాన్‌లోనే, 2007లో. చూపు తిప్పితే చాలు కదిలి మెడ విరిచే ఒక శిల్పం గురించి, ఏదో రహస్య సంస్థ దస్తావేజులా రాసిన చిన్న పత్రం. నంబరు 173. మరుసటి ఏడాదికి అది వికీ అయింది. ఇప్పుడు అలాంటి పత్రాలు వేలల్లో ఉన్నాయి. ఇన్నివేలమంది రాసినా కూలిపోకుండా నిలబడటానికి కారణం ఒక విచిత్రమైన నిర్ణయం. అధికారిక కథ అంటూ ఏదీ లేదు. ఒకరు రాసింది ఇంకొకరిని బంధించదు. ఒక పత్రంలో సంస్థ దయగలది, ఇంకో పత్రంలో అది రాక్షసి. రెండూ ఉంటాయి, పాఠకుడు తనకు నచ్చినదాన్ని పట్టుకుపోతాడు. ఇతరుల పత్రంలోకి వెళ్లి కథను మార్చడం మాత్రం తప్పు. అచ్చుతప్పు దిద్దవచ్చు, అంతే. నీకు వేరేలా అనిపిస్తే నీ పత్రం నువ్వు రాసుకో.

తొలి రోజుల్లో అక్కడ రచయితలు తమనే డాక్టర్లుగా కథలో పెట్టుకుని, ఏ భూతానికీ లొంగని వీరులుగా, చమత్కారులుగా చూపించుకున్నారు. పాఠకులు నవ్వుకున్నారు కూడా. కొన్నేళ్లకు సమాజమే దానికి విసిగిపోయింది. నీ పాత్ర దేనికీ భయపడకపోతే చదివేవాడు ఎందుకు భయపడతాడు? దీనికి పెద్ద శాసనం అక్కరలేకపోయింది. అక్కడ ప్రతి పత్రానికి సభ్యులు అనుకూలంగానో వ్యతిరేకంగానో ఓటు వేస్తారు, మొత్తం మైనస్ పదికి దిగిందంటే తొలగింపు దాకా పోతుంది. విమర్శకు కూడా చోటుంది. చిత్తుప్రతి ముందే పెట్టి అభిప్రాయం అడగవచ్చు. నోస్లీప్‌లో నోరు మూయించే మాటనే ఇక్కడ అడిగి మరీ తీసుకుంటారు. రెండూ సరైనవే. నోస్లీప్‌లో పాఠకుడూ ఒక పాత్ర, ఎస్‌సీపీలో పాఠకుడు పాఠకుడే. కొత్తచోట అడుగు పెట్టినప్పుడు నియమాల పట్టిక చదవడం కన్నా ఈ ఒక్కటి తేల్చుకోవడం ఎక్కువ పనికొస్తుంది.

ఒప్పందాన్ని పక్కన పెట్టాల్సిన ఘట్టాలు ఏవి అన్నది ఇంకా బరువైన ప్రశ్న.

2001లో ఒక సినిమా ప్రచారం కోసం ఇంటర్నెట్‌లో నడిపిన పజిల్ కథ ఉండేది. ఇది ఆట కాదు అని నటిస్తూ ఆడటమే దాని రీతి. క్లౌడ్‌మేకర్స్ పేరుతో వేలమంది గుంపుగా కూడి ఆధారాలు విప్పారు. ఆట ముగిసిన కొద్దివారాలకే న్యూయార్క్ జంట భవనాలు కూలాయి. ఆ గుంపులో కొందరు ఈ మిస్టరీనీ మనమే ఛేదిద్దాం అని మొదలుపెట్టారు. నిర్వాహకులు కలగజేసుకుని ఇది ఆట కాదు అని చెప్పవలసి వచ్చింది, ఈసారి నిజమైన అర్థంలో.

స్లెండర్‌మ్యాన్ సంగతి ఇంకా ఘోరం. 2009 జూన్‌లో సమ్‌థింగ్ ఆఫుల్ అనే వేదికలో భయం పుట్టించే ఫొటోలు తయారు చేయండని ఒక సరదా పిలుపు వచ్చింది. ఎరిక్ నూడ్‌సన్ పిల్లల గుంపు వెనక ముఖం లేని పొడవాటి మనిషిని అతికించిన రెండు నలుపు తెలుపు ఫొటోలు పెట్టి, కింద కల్పిత సాక్షుల మాటలు రాశాడు. రోజుల్లోనే ఇతరులు వీడియోలు, చెక్క అచ్చుతో వేసిన పాతకాలపు చిత్రాల్లాంటివి, కొత్త సాక్ష్యాలు కలిపారు. అక్కడున్న ప్రతి ఒక్కరికీ అది కల్పన అని తెలుసు, ఎందుకంటే పుట్టడం కళ్లారా చూశారు. కానీ బొమ్మ ఆ వేదిక దాటి వెళ్లినప్పుడు దాని పుట్టుక వెంట వెళ్లలేదు. 2014 మే 31న విస్కాన్సిన్‌లోని వాకెషాలో పన్నెండేళ్ల పిల్లలిద్దరు తమ స్నేహితురాలినే అడవిలోకి తీసుకెళ్లి 19 సార్లు పొడిచారు. ఆ మనిషిని మెప్పించడానికే అన్నారు. పాప పాకుతూ దారి దాకా వచ్చి బతికింది. దాడి చేసినవారిని మానసిక అనారోగ్యం వల్ల నేరబాధ్యులు కారని తేల్చి, చికిత్సకు పంపారు. కాబట్టి తప్పంతా కథదే అనడం తేలిక మాట. అయినా ఆ తరువాత ఇలాంటి కథలు ఉంచే వేదికలు ఇవి కల్పనలని బహిరంగంగా చెప్పుకోవలసి వచ్చింది.

అందుకే నా దృష్టిలో కొన్ని గీతలకు మినహాయింపు లేదు. ఎవరైనా నిజంగా భయపడి, కథలోంచి బయటికి వచ్చి ఇది కల్పనే కదా అని అడిగితే వెంటనే అవునని చెప్పాలి, వేరే విభాగంలోనో విడిగానో. అడిగింది చిన్నపిల్లలని అనిపిస్తే ఇంకా త్వరగా. కథలో చనిపోతానని రాసినవాడు కథలో కాకుండా నిజంగానే ఆ మాట అంటున్నాడేమో అని అనుమానం వస్తే ఒప్పందాన్ని తుంచేయాలి, నవ్వులపాలైనా ఫరవాలేదు. బతికున్న మనుషుల పేర్లు, నిజమైన ఇంటి చిరునామాలు, ఇటీవల జరిగిన నిజమైన చావులు కథలోకి రాకూడదు. రోల్‌ప్లే చేసేవారు పాత్రలోంచి బయటికి వచ్చి మాట్లాడేటప్పుడు మాటను జంట బ్రాకెట్లలో పెడతారు. చూడటానికి చిన్న గుర్తు, కానీ అది ఉన్నచోట "నాకు ఈ దృశ్యం ఇబ్బందిగా ఉంది, దాటేద్దాం" అనడానికి ఎవరూ సంకోచించరు. ఆ మాట అన్నవారిని కారణం అడగకూడదు.

ముందస్తు హెచ్చరికల మీద మాత్రం వాదం తెగదు. పిల్లల మీద హింస ఉందని కథ మొదట్లోనే చెబితే సగం కథ చెప్పేసినట్టే అని రచయితల బాధ. నాకు అది పూర్తిగా ఒప్పుకోబుద్ధి కాదు. ఒక్క హెచ్చరికతో కూలిపోయే భయం మొదటి నుంచీ బలహీనంగా ఉన్నట్టే.

మన దగ్గర ఈ బోర్డులు, నిర్వాహకులు ఏమీ లేనప్పుడే ఒక ఉమ్మడి భయకథ నడిచింది. తలుపుల మీద, గోడల మీద సుద్దతోనో రంగుతోనో "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్న రోజులు పెద్దవాళ్లకు గుర్తుంటాయి. రాత్రి తెలిసిన గొంతుతో పిలుస్తుంది, తలుపు తీస్తే అంతే, ఈ రాత చూస్తే మాత్రం వెళ్లిపోయి మర్నాడు మళ్లీ వస్తుంది. మొదట ఎవరు చెప్పారో తెలియదు. ఏ వీధికి ఆ వీధి ఏదో కలుపుకుంది. నమ్మినవాళ్లు, నమ్మనివాళ్లు, ఎందుకొచ్చిన గొడవని రాసుకున్నవాళ్లు అందరూ అందులో పాత్రధారులే. దానివల్ల పాడైంది మహా అయితే గోడల సున్నం.

2018లో వాట్సాప్‌లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న కథనాలు అలా ముగియలేదు. తెలంగాణ, ఆంధ్ర గ్రామాల్లో ముక్కూ మొహం తెలియని బాటసారుల మీద గుంపులు దాడులు చేశాయి, ప్రాణాలు పోయాయి. అప్పుడు జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరా పంపి, పాటలతో, ప్రచారంతో ఈ వదంతులు అబద్ధమని చెప్పించారు. ఆ సందేశాల తయారీ చూస్తే కలిసి కథ అల్లే పద్ధతే కనిపిస్తుంది. పంపే ప్రతివారూ తమ ఊరి పేరో, పక్క ఊళ్లో జరిగిందన్న మాటో చేర్చి ముందుకు తోశారు. ఇది కథ అని చెప్పే చట్రం మాత్రం ఎక్కడా లేదు. నోస్లీప్ కథను నోస్లీప్‌లో చదివినవాడికి తాను ఎక్కడున్నాడో తెలుసు. అదే కథను పేరు తీసి, స్క్రీన్‌షాట్ చేసి కుటుంబ గ్రూపులో పెడితే అది వార్త అవుతుంది. కథను చట్రం దాటించి పంపడం వీటన్నిటిలోకీ పెద్ద అమర్యాద అని నేనంటాను. ఊ కొట్టనివాడి తప్పు దీని ముందు ఏపాటి?

చట్రంతో పాటు తరచుగా ఊడిపోయేది రచయిత పేరు. దెయ్యం కథలు చదివి వినిపించే యూట్యూబ్ చానళ్లు తెలుగులోనూ బోలెడు వచ్చాయి కాబట్టి ఈ విషయం మనకు దూరం కాదు. నోస్లీప్ రచయితలు 2020 ఫిబ్రవరి చివర్లో ఒక వారం పాటు విభాగానికే తాళం వేసి నిరసన తెలిపారు. తమ కథలను అడగకుండా చదివి, డబ్బు చేసుకుంటున్నారన్నది వారి ఫిర్యాదు. ఎవరైనా చదవగలిగేలా ఉంచినంత మాత్రాన అందరి సొత్తు కాదు. నోస్లీప్ కథ మీద హక్కు రాసినవారిదే, మారుపేరుతో రాసినా సరే. ఎస్‌సీపీ పద్ధతి వేరు. అక్కడి పత్రాలు క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద ఉంటాయి. ఎవరైనా వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. రెండు షరతులు: మూల రచయితను పేర్కొనాలి, దాని ఆధారంగా చేసినదాన్ని కూడా అదే లైసెన్స్ కింద ఇతరులకు వదలాలి. ఈ రెండో షరతును మరచిపోయేవారే ఎక్కువ.

ఈ విషయంలో ఎస్‌సీపీ తన మీద తానే కఠినంగా ఉండవలసి వచ్చింది. 173వ పత్రానికి మొదటి నుంచీ అతికి ఉన్న ఫొటో జపాన్ శిల్పి ఇజుమి కాటో చేసిన శిల్పానిది. శిల్పినీ, ఫొటో తీసినవారినీ ఎవరూ అడగలేదు. వాణిజ్యానికి వాడనంతవరకు ఆయన ఓర్చుకున్నారు. కానీ మొత్తం వికీ అంతా వాడుకోదగ్గ లైసెన్స్ కింద ఉండగా మొట్టమొదటి పత్రంలోని బొమ్మే దానికి మినహాయింపు. తన కళాఖండం మీద ఎవరో అంటగట్టిన మెడ విరిచే కథను ఆయన ఏళ్ల తరబడి మోశారు. 2022 ఫిబ్రవరిలో ఆ ఫొటోను తీసేశారు. బదులుగా కొత్తది పెట్టలేదు. అభిమానుల్లో కొందరు గింజుకున్నారు, అయినా అది సరైన పనే.

తెలుగులో కథ చదివి వినిపించాలనుకునేవారికి చట్టం కూడా ఈ వైపే ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం హక్కు రాసిన క్షణం నుంచే పుడుతుంది, నమోదు అక్కరలేదు. 57వ సెక్షన్ కింద, హక్కులు అమ్ముకున్నాక కూడా ఇది నేను రాశానని చెప్పుకునే అధికారం రచయితకు మిగులుతుంది. అనువాదానికీ అనుమతి కావాలి. అడిగేటప్పుడు ఏ చానల్, ప్రకటనల మీద ఆదాయం ఉందా, కథలో ఏమైనా మారుస్తారా, పేరు ఎలా వేయాలి అన్నవి ఒకే సందేశంలో రాస్తే సరిపోతుంది. రచయిత ఖాతా మూతపడి జవాబు రాకపోతే దాన్ని అనుమతిగా తీసుకోకూడదు. ఇంకో కథ వెతుక్కోవాలి.